దేశం దాటితే వదులుకున్నట్టే

మా ఆయన ఉద్యోగం పోయిన రోజు పొద్దున నేను వంకాయలు కోస్తున్నాను. ఆయన గదిలోంచి వచ్చి, స్టవ్ పక్కన నిలబడి, "తీసేసిండ్రు" అన్నాడు. కోసిన వంకాయలు ఉప్పునీళ్లలో వేసి, నేను కూడా ఆయన పక్కన అట్లాగే నిలబడ్డాను.

అమెరికాలో మేమిద్దరం ఉన్నది ఆయన ఉద్యోగం మీదే. ఆయనది పని వీసా, నాది ఆయన భార్యగా వచ్చిన వీసా. ఉద్యోగం పోయాక రెండు నెలల గడువు ఉంటుంది. ఆలోపు ఇంకో కంపెనీ అయినా తీసుకోవాలి, వేరే స్టేటస్‌లోకైనా మారాలి, లేదంటే సామాను సర్దుకోవాలి. ఆయన మొదటి నెలంతా పొద్దున ఎనిమిదికి తల దువ్వుకుని కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. ఇంటర్వ్యూలకు పిలిచినవాళ్లు కూడా వీసా సంగతి వినగానే తర్వాత చెబుతామనేవారు. రెండో నెల మొదలయ్యాక ఆయన స్నేహితుడొకడు దారి చెప్పాడు. భార్య విద్యార్థిని స్టేటస్‌కు మారితే, భర్త ఆమె మీద ఆధారపడినవాడిగా ఉండొచ్చు. పని చేయకూడదు కానీ ఉండొచ్చు. పరిస్థితులు బాగుపడ్డాక మళ్లీ ఉద్యోగం వెతుక్కోవచ్చు.

ఆ సాయంత్రం ఆయన నన్ను అడిగాడు. "నువ్వు చదువుకుంటవా?"

పెళ్లయి వచ్చినప్పటి నుంచి చదువుకుంటానని నేను ఆయనను అడుగుతూనే ఉన్నాను. జగిత్యాలలో బి.టెక్ చదివాను. మార్కులు మంచివే. భార్య వీసా మీద పని చేయనివ్వరు, చదువుకోవచ్చు కానీ ఫీజులు మోయలేం. వచ్చే ఏడు చూద్దాం అనేవాడు ఆయన. కోపంతో కాదు, నిజంగానే వచ్చే ఏడు చూద్దామని. అట్లా ఏళ్లు గడిచాయి. ఇప్పుడు ఆయన నోటితోనే ఆ మాట వచ్చింది, అది కూడా నా చదువు కోసం కాదు. అయినా చదువుకుంటానని వెంటనే చెప్పాను.

దగ్గరలోని ఒక కాలేజీలో గణాంకాల కోర్సుకు సీటు వచ్చింది. ఎందుకు చదవాలనుకుంటున్నారో రాయమంటే మూడు పేజీలు రాశాను. మా ఆయన చదివి, ఇంత నిజం రాస్తే నమ్మరేమో అన్నాడు. స్టేటస్ మార్పు కోసం దరఖాస్తు పంపాం, ఆయనది నా దాని వెంట. పంపిన రోజు ఆయన నవ్వుతూ, "ఇగ నేను నీ మీద బతికేటోన్ని" అన్నాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇద్దరికీ ఎక్కువసేపు నిలవలేదు.

మా తరఫున కాగితాలు చూసిన వకీలు ఒక మాట చాలా గట్టిగా చెప్పింది. నిర్ణయం వచ్చేదాకా దేశం దాటొద్దు. ఏ కారణంతో దాటినా, ఎంత దగ్గరివాళ్లకు ఏమైనా సరే, దాటిన క్షణాన దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క. నెలలు పట్టొచ్చు, ఓపిక పట్టండి అంది. మంజూరయ్యేదాకా క్లాసులో కూర్చోవడానికి కూడా వీల్లేదు. నేను కొన్నిసార్లు కాలేజీ దాకా నడిచి వెళ్లి, లైబ్రరీ బయట మెట్ల మీద కాసేపు కూర్చుని వచ్చేదాన్ని.

అక్క సంగతి నాకు అక్క చెప్పలేదు. అక్క బిడ్డ చెప్పింది.

మాది ఎల్లంతకుంట. మేమిద్దరమే ఆడపిల్లలం. మమ్మల్ని కన్న అవ్వా బాపూ నా పెళ్లయిన రెండేళ్లలో ఒకరి వెనక ఒకరు పోయారు. అక్కను కోరుట్లకు ఇచ్చారు, నన్ను సిరిసిల్లకు. బావ పెళ్లయిన కొత్తలోనే సౌదీ వెళ్లాడు, డ్రైవర్‌గా. వస్తూ పోతూ ఉండేవాడు. అక్క బీడీలు చుట్టేది. మా మధ్య గారాబం ఏమీ ఉండేది కాదు. అక్కకు నోరెక్కువ, నాకు పట్టుదల ఎక్కువ. చిన్నప్పుడు ఒకే దువ్వెన కోసం కొట్టుకున్నట్టే పెద్దయ్యాక ఫోన్లో కొట్టుకునేవాళ్లం. కానీ వారానికోసారి ఫోన్ చేయకపోతే ఇద్దరికీ తోచేది కాదు.

ఒకరోజు అక్క ఫోన్ నుంచే అక్క బిడ్డ చేసింది. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది అప్పటికి. దాని గొంతు చాలా చిన్నగా ఉంది.

"చిన్నమ్మా, అమ్మ నీకు చెప్పొద్దన్నది. గని నాకు ఎవరికి చెప్పాల్నో తెలుస్తలేదు."

చాలా నెలలుగా కడుపునొప్పి అంటే గ్యాస్ అనుకుని గోలీలు మింగిందట అక్క. కళ్లు పచ్చబడ్డాక జగిత్యాల తీసుకుపోతే స్కానింగ్ చేశారు. అక్కడి నుంచి హైదరాబాద్ పంపారు. అక్కడి డాక్టర్లు అది క్యాన్సరని, కాలేయం దాకా పాకిందని, ఆపరేషన్‌కు సమయం దాటిందని, ఇంటికి తీసుకుపోయి నొప్పి తెలియకుండా చూసుకోమని చెప్పారు. ఈ మాటలన్నీ విన్నది ఆ పిల్లే. పక్కన ఇంటి పెద్దవాళ్లెవరూ లేరు. ఎదురింటి ముస్లిం పెద్దావిడ, అందరం ఖాలా అంటాం, తోడు వెళ్లింది కానీ, ఆమెకు డాక్టర్ల ఇంగ్లీషు అర్థం కాలేదు. పిల్లే విని, పిల్లే ఆమెకు తెలుగులో చెప్పి, పిల్లే తల్లికి కొంత దాచి చెప్పింది.

బావకు ఫోన్ చేశాను. ఆయన ఏడ్చాడు. పని చేసే కంపెనీ మూతపడే స్థితిలో ఉంది, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంది, అక్కడ ఉండటానికిచ్చే అకామా కార్డు గడువు తీరిపోయింది. అది మళ్లీ చేయిస్తే తప్ప దేశం దాటే కాగితం రాదు. యజమాని ఫోన్ ఎత్తడం లేదు. "ఎట్లన్న చేసి అస్త మరదలా" అని పదే పదే అన్నాడు. ఆ మాట ఆయన నన్ను నమ్మించడానికి అంటున్నాడో, తనను తాను నమ్మించుకోవడానికి అంటున్నాడో నాకు తెలియలేదు.

వకీలును అడిగాను. ఆమె ముందు చెప్పిన మాటే మళ్లీ చెప్పింది. నేను వెళితే దరఖాస్తు పోతుంది, నా మీద ఆధారపడి పెట్టిన భర్త దరఖాస్తూ నిలబడదు. ఆయనా వెళ్లిపోవాల్సిందే. మళ్లీ రావాలంటే హైదరాబాద్‌లో విద్యార్థి వీసాకు కొత్తగా అడగాలి, అది ఇస్తారని తను హామీ ఇవ్వలేనంది.

మా ఆయనకు అంతా చెప్పాను. ఆయన సోఫాలో కూర్చుని చేతులు చూసుకున్నాడు.

"నీ ఇష్టం" అన్నాడు.

ఆయన వద్దని ఒక్కసారి కూడా అనలేదు. పొమ్మని కూడా అనలేదు. రెండింట్లో ఏదన్నా నాకు సులువయ్యేది. నాలుగు రోజులు నేను బావ గురించే ఆలోచించాను. ఆయన పాస్‌పోర్టు ఇంకొకరి బీరువాలో ఉంది. నాది నా బ్యాగులోనే ఉంది. నన్నెవరూ ఆపడం లేదు. వెళితే పోయేది ఒక చదువు, ఒక నీడ. ఆ నీడ నా ఒక్కదానిది కాదని తెలుసు. తెలిసే టికెట్ తీసుకున్నాను.

హైదరాబాద్‌లో దిగి బస్సులో కోరుట్ల చేరేసరికి మధ్యాహ్నమైంది. అక్క ముందర గదిలో మంచం మీద గోడకు ఆనుకుని ఉంది. మనిషి సగమైంది, కడుపు మాత్రం ఉబ్బి ఉంది. కళ్లు పసుపు రుద్దినట్టున్నాయి. మంచం కింద బీడీల చాట, అందులో ఎండిపోయిన ఆకు. నన్ను చూసి అక్క నవ్వుతుందనో ఏడుస్తుందనో అనుకున్నాను.

"ఎందుకచ్చినవ్?" అంది.

నీ కోసమే అన్నాను.

"నేను రమ్మన్ననా? నీ మొగన్ని నడి తొవ్వల ఇడిసిపెట్టి అచ్చినవా?"

అంతే, మొహం గోడవైపు తిప్పుకుంది. దరఖాస్తు సంగతి అక్కకు ఎట్లా తెలిసిందని చూస్తే, తలుపు దగ్గర పిల్ల తల వంచుకుని నిలబడి ఉంది. నేను ఫోన్లో దానికి చెప్పినవన్నీ తల్లికి చేరాయి.

ఆ తర్వాత చాలా రోజులు అక్క నాతో మాట్లాడలేదు. అన్నం నేను కలిపి పెడితే తినేది కాదు, బిడ్డ చేత్తో పెడితే రెండు ముద్దలు తినేది. నేను మందులిస్తే చేయి చాపి తీసుకునేది కానీ నా వైపు చూసేది కాదు. రాని బావ గురించి వచ్చినవాళ్లందరికీ మంచిగా చెప్పేది. వచ్చిన నేను గదిలో ఉండగానే, లేనట్టు ఉండేది. చూడ్డానికి వచ్చిన ఆడవాళ్లు నన్ను మెచ్చుకునేవారు. ఏడు సముద్రాలు దాటి వచ్చింది చెల్లె, ఎవరొస్తారు ఈ రోజుల్లో అనేవారు. ఆ మాటలకు అక్క కళ్లు మూసుకునేది.

నాకు కోపం వచ్చేది. బయట గద్దె మీద కూర్చుని, నేనేం పోగొట్టుకుని వచ్చానో దీనికి తెలుసా అనుకునేదాన్ని. అదే దానికి బాగా తెలుసని అప్పుడు నాకు తట్టలేదు.

ఒకరోజు తలస్నానం చేయించాలి. పిల్ల కాలేజీకి పోయింది, ఎదురింటి ఖాలా ఊర్లో లేదు. ఇక నేనే దిక్కు. అక్కను కుర్చీలో కూర్చోబెట్టి గోరువెచ్చని నీళ్లు పోశాను. జుట్టు నా చేతిలోకి కుచ్చులు కుచ్చులుగా వస్తోంది. అది అక్కకు కనబడకుండా వెనక్కి వేస్తున్నాను. అప్పుడు మాట్లాడింది.

"బీడీల కార్ఖానాల అందరికి చెప్పిన. నా చెల్లె అమెరికాల మల్ల చదువుతదని."

నేను నీళ్లు పోస్తూనే ఉన్నాను.

"నేను బతకనని నాకు ఎరుకనే. కండ్లు పచ్చగైతే పసిరికలనుకుంటున్ననా నేను? నువ్వు ఆడ ఉంటే, నేను లేకున్నా నా బిడ్డకు ఒక తొవ్వ ఉండు. నువ్వు దాన్ని ఆడికి గుంజుకుంటవని ధైర్యం ఉండె. ఇప్పుడు నువ్వు సుత ఈడనే ఉన్నవ్. నన్ను చూసి ఏం చేస్తవే? నన్ను చూసినా చస్త, చూడకున్నా చస్త."

తువాలుతో తల తుడిచాను. నువ్వే నాలాగ మంచంలో పడి ఉంటే నేను రాకుండా ఉందునా అని అడిగింది తనే. వచ్చేదానివే అన్నాను. అక్క ఊ అని, నా చేయి పట్టుకుని లేచి మంచం దాకా నడిచింది. ఆ మధ్యాహ్నం నా చేతి అన్నం తింది. మా మధ్య రాజీ అంటే అదే. కోపం పోయిందని నేను చెప్పలేను. ఆ తర్వాత కూడా నొప్పి ఎక్కువైనప్పుడు, ఎందుకచ్చినవే అనేది.

మా ఆయన అక్కడ ఇల్లు ఖాళీ చేసి, కారు అమ్మి, సిరిసిల్లకు వచ్చేశాడు. మా మామ ఇంటి ముందర గదిలో సాంచెలు నడుస్తాయి. మరమగ్గాలను మావాళ్లు సాంచెలనే అంటారు. ఆ చప్పుడులో అక్కడ ఎవరూ ఎక్కువ మాట్లాడుకోరు, ఆయన వచ్చాక ఇంకా తగ్గిందని మా అత్త ఫోన్లో చెప్పింది. ఆమె నన్ను ఏమీ అనలేదు. కొడుకు తిండి సరిగా తినడం లేదని మాత్రం అంది. ఆ ఒక్క మాటలో అనాల్సిందంతా ఉంది.

ఒక ఆదివారం ఆయన కోరుట్ల వచ్చాడు. అక్క అప్పటికి కూర్చోలేకపోతోంది. ఆయన మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. అక్క ఆయన చేయి కోసం తడుముకుంది.

"తమ్మీ, మా చెల్లె నీకు అన్యాయం చేసింది. నా కోసం చేసింది. మనసుల పెట్టుకోకు."

"గదేం లేదు వదినా. మల్ల పెట్టుకుంటె అయిపాయె. గది పెద్ద పనే కాదు, అందరు చేస్తరు."

అది అబద్ధమని నాకు తెలుసు, ఆయనకు తెలుసు. అక్క నమ్మింది. నమ్మినట్టు మొహం తేటపడింది. నాతో ఏళ్లకేళ్లు కాపురం చేసిన మనిషి అంత సులువుగా, అంత మెత్తగా అబద్ధం చెప్పగలడని నాకు ఆ రోజే తెలిసింది. బస్టాండు దాకా తోడు వెళ్లి, థాంక్స్ అని చెప్పబోయాను. ఆయన, "వదినెకు చెప్పిన, నీకు కాదు" అని బస్సెక్కాడు.

అక్క ఒక తెల్లవారుజామున, బిడ్డ మంచినీళ్లు తాగిస్తుండగా పోయింది. నీళ్లు పెదవి చివర నుంచి కారిపోతుంటే, పిల్ల ఇంకా గ్లాసు పట్టుకునే ఉంది. నేనే తీసుకోవాల్సి వచ్చింది.

బావ రాలేకపోయాడు. ఎదురింటి ఖాలా కొడుకు ఫోన్ పట్టుకుని నిలబడితే, అందులోంచి చూశాడు. ఆయన వెనక ఇనుప మంచాలు, వాటి మీద కూర్చున్న మనుషులు కనబడుతున్నారు. మా ప్రాంతంలో ఇట్లాంటివి కొత్త కాదు. ఫోన్ పట్టుకున్నవాడికి కూడా ఏ వైపు నుంచి చూపించాలో తెలుసు. స్నానం చేయించేటప్పుడు పక్కకు తిప్పాడు, మళ్లీ మొహం వైపు తిప్పాడు. స్మశానంలో సిగ్నల్ పోయింది. మళ్లీ కలిసేసరికి మంట లేచింది.

పెద్దకర్మ అయ్యాక నేను సిరిసిల్లకు వెళ్లాను. పిల్లను వెంట తీసుకుపోదామంటే పరీక్షలున్నాయంది. నేనే మళ్లీ కోరుట్లకు వచ్చాను. అమెరికా కాలేజీవాళ్లు నా సీటు వచ్చే సెమిస్టర్‌కు జరిపారు. ఆ కాగితాలతో హైదరాబాద్ వెళ్లి వీసా ఇంటర్వ్యూకు నిలబడ్డాను. మా ఆయన బయట రోడ్డు అవతల చెట్టు కింద నిలబడ్డాడు.

అద్దం అవతల ఉన్న వీసా అధికారి మర్యాదగానే మాట్లాడాడు. అక్కడ ఉండగా దరఖాస్తు పెట్టి ఎందుకు వదిలేశారని అడిగాడు. అక్కకు బాగా లేక వచ్చాను, చనిపోయింది అన్నాను. సారీ అన్నాడు. భర్త ఏం చేస్తున్నాడని అడిగాడు. ప్రస్తుతం ఉద్యోగం లేదన్నాను. చదవడానికి వెళ్తున్నారా, ఉండటానికి వెళ్తున్నారా అని అడిగాడు. చదవడానికే అన్నాను. అది నిజం. ఇద్దరం ఉండొచ్చని మొదలుపెట్టిన చదువు అన్నది కూడా నిజమే. రెండో నిజం నా మొహంలో కనబడిందేమో తెలియదు. చదువయ్యాక తిరిగి రావడానికి ఇక్కడ ఏముందని చివరగా అడిగితే, అక్క బిడ్డ ఉంది అన్నాను. అది వాళ్ల లెక్కలో వచ్చే బంధం కాదు. పాస్‌పోర్టు తిరిగి ఇచ్చేశాడు, ఒక చీటీతో.

రోడ్డు దాటి వచ్చేసరికి మా ఆయన నా చేతిలో పాస్‌పోర్టు చూశాడు. వీసా ఇస్తే అది వాళ్ల దగ్గరే ఉంచుకుంటారు. ఆయన నీళ్ల సీసా మూత తీసి ఇచ్చాడు.

తర్వాత ఆయనకు హైదరాబాద్‌లోనే ఉద్యోగం దొరికింది. అమెరికాలో చేసిన దానికంటే చిన్నది. నెలకు రెండుసార్లు సిరిసిల్ల వస్తాడు, నేనూ అప్పుడు వెళ్తాను. ఒకసారి సాంచెలు ఆగి ఉన్న పూట, అడగకుండానే అన్నాడు.

"నువ్వు రాకుంటే ఏమయితుండెనో అని నేను అప్పుడప్పుడు ఆలోచన చేస్త. నువ్వు చెయ్యవా?"

చేస్తానన్నాను. రోజూ చేస్తానని అనలేదు. వచ్చినందుకు నాకు పశ్చాత్తాపం లేదు. అట్లాగని, వచ్చి మంచి పని చేశానన్న తృప్తి కూడా లేదు. అక్క అన్న మాట సరైనదే. నన్ను చూసినా పోయింది. చూడకున్నా పోయేది. కానీ ఆ తలస్నానం నేను చేయించాను, ఇంకెవరూ కాదు. దాని విలువ ఎంతో నేను ఎవరికీ చెప్పలేను, మా ఆయనకు అసలే చెప్పలేను.

బావ చాలా నెలల తర్వాత వచ్చాడు, బరువు తగ్గి, గడ్డం నెరిసి. వచ్చిన మొదటి రోజు అక్క ఫోటో ముందు కూర్చుని లేవలేదు. బిడ్డతో ఏం మాట్లాడాలో ఆయనకు తెలిసేది కాదు. చిన్నప్పుడు సౌదీ నుంచి తెచ్చే చాక్లెట్లే మళ్లీ తెచ్చాడు. పిల్ల తీసుకుని డబ్బాలో పెట్టింది. ఇక్కడ ఏదైనా పని చూసుకుంటానన్నాడు. కొన్నాళ్లు ఆటో నడిపాడు. కుదరలేదు. ఒక ఏజెంటు ఇంకో దేశానికి వీసా చూశాడు. ఈసారి మంచి కంపెనీ అన్నాడు.

ఆయన వెళ్లిన రోజు నేనూ పిల్లా కోరుట్ల బస్టాండుకు వెళ్లాం. ఆయన కిటికీలోంచి చేయి ఊపాడు. పిల్ల ఊపలేదు, చూస్తూ ఉంది. ఇప్పుడది జగిత్యాలలో డిగ్రీ చదువుతోంది. నేనూ అక్కడే ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెబుతున్నాను. ఇద్దరం పొద్దున ఒకే బస్సులో పోతాం, వేరువేరు సీట్లలో కూర్చుంటాం. చిన్నమ్మతో కాలేజీకి రావడం దానికి నామోషీ.

బావను ఎక్కించిన ఆ రోజు, బస్టాండు నుంచి ఇంటికి నడుస్తుండగా అది అడిగింది.

"నువ్వు సుత మల్ల అప్లై చేస్తవా చిన్నమ్మా?"

తెలియదన్నాను.

"చేస్తే చెయ్యి. నన్ను చూసి మాత్రం ఆగకు."

అచ్చం అక్క గొంతే. నాకు ఒక్కసారిగా కోపం వచ్చింది. నోరు మూసుకుని నడువమన్నాను. అది మూతి ముడుచుకుని నాలుగడుగులు ముందు నడిచింది. మార్కెట్ దగ్గర ఆగి, రాత్రికి ఏం కూర అని వెనక్కి తిరగకుండానే అడిగింది. ఇంట్లో ఏముంటే అదే అన్నాను.